సంక్షోభ కాలంలో తప్పుడు సమాచారం: ఆర్థిక ప్రవర్తనపై ప్రభావం

యుద్ధం, కరువు, మహమ్మారి, భూకంపం, నగదు కొరత, బ్యాంకుల పతనం వంటి విపత్కర సమయాల్లో అసత్యమైన లేదా నిర్ధారణ కాని సమాచారం జనంలో వ్యాపించి, వారి కొనుగోళ్ళను, పొదుపును, పెట్టుబడులను, ఉపాధి నిర్ణయాలను మార్చివేయడం అన్ని దేశాల్లోనూ కనిపించే పరిణామం. ఆర్థికశాస్త్రం, సాంఘిక మనస్తత్వశాస్త్రం, సమాచార శాస్త్రం ఈ పరిణామాన్ని వేరువేరు కోణాల నుంచి పరిశీలించాయి. వదంతిని నమ్మినవారు మాత్రమే దాని ప్రకారం నడుచుకుంటారని సాధారణంగా భావిస్తారు కానీ, నమ్మనివారు సైతం ఇతరులు నమ్ముతారన్న అంచనాతో అదే బాట పట్టవలసి రావడం, ఆ కారణంగా అబద్ధం కొంతకాలం నిజంలాగే ఫలితాలనివ్వడం ఈ విషయంలోని ప్రధానాంశం.

పరిధి, పరిభాష

పరిశోధకులు ఈ సమాచారాన్ని సాధారణంగా మూడు రకాలుగా విభజిస్తారు. నిజమని నమ్మి, కీడు తలపెట్టకుండా చేరవేసే అసత్యం తప్పుడు సమాచారం. లాభం కోసమో, ప్రత్యర్థిని దెబ్బతీయడం కోసమో తెలిసి పుట్టించే అసత్యం దుష్ప్రచారం. ఆధారం ఇంకా తేలని దశలో నోటినోటా సాగే మాట వదంతి లేక పుకారు. వదంతి చివరకు నిజం కావచ్చు, కాకపోవచ్చు. ఆచరణలో ఈ మూడింటి మధ్య గీత చెరిగిపోతూ ఉంటుంది; దురుద్దేశంతో పుట్టిన మాటను సదుద్దేశంతో బంధువులకు పంపేవారే దాన్ని ఎక్కువ దూరం చేరుస్తారు. కరోనా వ్యాప్తి తొలినాళ్ళలో, 2020 ఫిబ్రవరిలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ తప్పొప్పులు కలగలిసిన సమాచారపు వెల్లువను కూడా ఒక మహమ్మారిగానే అభివర్ణించి దానిపై హెచ్చరించింది.

చారిత్రక నేపథ్యం

దుష్ప్రచారంతో మార్కెట్టును కదిలించిన పాత ఉదంతాల్లో ప్రసిద్ధమైనది లండన్‌లో 1814 ఫిబ్రవరి 21న జరిగింది. సైనికాధికారి వేషంలో డోవర్ రేవు పట్టణంలో దిగిన ఒక వ్యక్తి నెపోలియన్ హతుడయ్యాడని ప్రకటించగా, ఆ కబురు రాజధానికి చేరి ప్రభుత్వ రుణపత్రాల ధరలు ఎగబాకాయి. ముందే కొని పెట్టుకున్నవారు ఆ ధరకు అమ్ముకున్నారు. సాయంత్రానికి అది కట్టుకథని తేలింది. యుద్ధ ఫలితం కోసం అందరూ ఎదురుచూస్తున్న వేళ, వార్తను వెంటనే సరిచూసుకునే మార్గం లేకపోవడమే ఆ మోసానికి పెట్టుబడి అయింది.

భారతదేశంలో వదంతులపై తొలి శాస్త్రీయ పరిశీలనల్లో ఒకటి 1934 నాటి బీహారు భూకంపం తరువాత జమునా ప్రసాద్ చేసినది. 1935లో వెలువడిన ఆయన వ్యాసం, భూకంపంలో తీవ్రంగా నష్టపోని ప్రాంతాల ప్రజల్లో సైతం మరింత ఘోరమైన విపత్తు రానున్నదన్న వదంతులు ఎలా ప్రబలాయో వివరించింది. అమెరికా మనస్తత్వవేత్తలు గోర్డన్ ఆల్‌పోర్ట్, లియో పోస్ట్‌మన్ 1947లో ప్రచురించిన గ్రంథంలో వదంతి బలానికి రెండు కారణాలు చూపారు: విషయం వినేవారికి ముఖ్యమైనది కావడం, దాని గురించిన ఆధారాలు అస్పష్టంగా ఉండడం. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా వదంతి నిలవదని వారి ప్రతిపాదన. సంక్షోభం ఈ రెండింటినీ ఒకేసారి సమకూరుస్తుంది.

సిద్ధాంత వివరణలు

సామాజికవేత్త రాబర్ట్ మెర్టన్ 1948లో, మొదట తప్పుగా ఉన్న అంచనా జనం ప్రవర్తన వల్లనే నిజమైపోయే క్రమాన్ని వివరించడానికి ఒక బ్యాంకు కథను ఉదాహరణగా తీసుకున్నాడు: నిక్షేపంలాంటి బ్యాంకు దివాలా తీస్తోందని డిపాజిటుదారులు నమ్మి ఒక్కసారిగా వచ్చిపడితే, అది నిజంగానే దివాలా తీస్తుంది. దీనికి గణిత రూపమిచ్చినవారు డగ్లస్ డైమండ్, ఫిలిప్ డిబ్‌విగ్. 1983 నాటి వారి నమూనా ప్రకారం బ్యాంకు స్వల్పకాలిక డిపాజిట్లను తీసుకుని దీర్ఘకాలిక రుణాలు ఇస్తుంది కాబట్టి అందరూ ఒకేరోజు అడిగితే చెల్లించలేదు. అందుచేత ఇతరులు నిలకడగా ఉంటారనుకున్నప్పుడు డబ్బు ఉంచడం, ఇతరులు పరుగెత్తుతారనుకున్నప్పుడు తానూ పరుగెత్తడం, రెండూ వివేకవంతమైన నిర్ణయాలే. వీరిద్దరికీ బెన్ బెర్నాంకీతో కలిపి 2022లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

మరో వివరణ గుంపు ప్రవర్తనకు సంబంధించినది. అభిజిత్ బెనర్జీ 1992లో ప్రచురించిన నమూనాలోనూ, అదే ఏడాది బిఖ్‌చందానీ, హిర్ష్‌లైఫర్, వెల్చ్ ప్రచురించిన నమూనాలోనూ, తనకంటె ముందున్నవారు ఏంచేశారో చూసి నిర్ణయించుకునే వ్యక్తి తనకు స్వయంగా తెలిసిన విషయాన్ని పక్కన పెట్టడం తర్కబద్ధమే కావచ్చని తేలింది. అయితే అందరూ అలా చేస్తే వరుసలో మొదటి ఇద్దరు ముగ్గురి పొరపాటు వందలమంది పొరపాటుగా మారుతుంది. కొట్టు ముందు బారు తీరిన జనాన్ని చూసి తానూ వెళ్ళి నిలబడేవాడికి బారు పొడవు కనిపిస్తుంది, బారు కారణం కనిపించదు.

నిత్యావసరాల కొనుగోళ్ళు

వదంతులు అన్ని వస్తువులనూ సమానంగా అంటుకోవు. చవకైనవి, చెడిపోనివి, లేకపోతే గడవనివి వాటికి ఎక్కువగా గురి అవుతాయి. అటువంటి వస్తువును అదనంగా కొనిపెట్టుకుంటే వదంతి అబద్ధమైనా నష్టం స్వల్పం, నిజమైతే లాభం గణనీయం. 2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమా అణు ప్రమాదం తరువాత అయోడిన్ కలిపిన ఉప్పు రేడియేషన్ నుంచి కాపాడుతుందన్న ప్రచారంతో చైనా నగరాల్లో ఉప్పు దుకాణాలు ఖాళీ అయ్యాయి. ఉప్పులో ఉండే అయోడిన్ పరిమాణం ఆ ప్రయోజనానికి ఏమూలకూ చాలదని అధికారులు చెప్పవలసి వచ్చింది. భారతదేశంలో 2016 నవంబర్ 8న పెద్ద నోట్లను రద్దు చేసిన మూడు రోజులకు, ఉప్పు దొరకదన్న వదంతి ఉత్తరప్రదేశ్, ఢిల్లీ మొదలుకొని హైదరాబాద్ దాకా పాకి, జనం రాత్రివేళ కిరాణా కొట్ల ముందు బారులు తీరారు. కొన్నిచోట్ల కిలో 200 రూపాయలు దాటింది. దేశపు ఉప్పు ఉత్పత్తిలో నాలుగింట మూడు వంతులు ఒక్క గుజరాత్‌దే కావడం, అక్కడ కొరత ఏదీ లేకపోవడం ఆ రాత్రి ఎవరికీ పట్టలేదు.

ఇలాంటి ఖాళీ ఏర్పడడానికి ఊరంతా నమ్మనక్కరలేదు. నెలకు కిలో ఉప్పు వాడే 300 కుటుంబాలున్న పేటలో కొట్టు యజమాని పది రోజుల సరుకుగా 100 కిలోలు నిల్వ ఉంచుతాడనుకుంటే, అందులో 50 కుటుంబాలు ఒకే సాయంత్రం రెండేసి కిలోలు కొనడంతో అల్మారా ఖాళీ అవుతుంది. మిగిలిన 250 కుటుంబాలకు ఆ ఖాళీ అల్మారాయే వదంతికి రుజువుగా కనిపిస్తుంది. దేశంలో నిల్వలు ఎన్ని ఉన్నా, సరఫరా గొలుసు చివరి అంచెలో నిల్వ పలచగా ఉండడం వల్ల కొరత అక్కడే పుడుతుంది.

అసలు వార్త నిజమైనప్పుడు కూడా దాని చుట్టూ అల్లుకునే అతిశయోక్తి ఇదే ఫలితాన్ని ఇస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2023 జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించగానే, అమెరికాలోని తెలుగువారు సోనామసూరి బస్తాల కోసం భారతీయ దుకాణాలకు పోటెత్తారు. కొన్ని దుకాణాలు మనిషికి ఇన్ని బస్తాలేనని పరిమితి పెట్టాయి, ధరలు పెంచినవీ ఉన్నాయి. 2024 జనవరి 2న, ప్రమాదం చేసి పారిపోయే డ్రైవర్లకు కఠిన శిక్ష విధించే నిబంధనకు వ్యతిరేకంగా ట్రక్కు, ట్యాంకర్ డ్రైవర్ల ఆందోళన సాగుతుండగా, బంకులు మూతపడతాయన్న భయంతో హైదరాబాద్‌లో వాహనాలు బారులు తీరి కొన్ని బంకుల్లో ఇంధనం ఆ పూటకే అయిపోయింది. సగం నిండిన ట్యాంకులను నింపించుకోవడానికి వచ్చినవారివల్ల అసలు అవసరమున్నవారికి అందని స్థితి ఏర్పడింది.

కరువు కాలంలో ఈ ప్రవర్తన ప్రాణాంతకమవుతుంది. 1974 నాటి బంగ్లాదేశ్ కరువును పరిశీలించిన ఆర్థికవేత్త మార్టిన్ రవాలియన్, వరదలతో పంట దెబ్బతిన్నదన్న వార్తలకు వర్తకులు అతిగా స్పందించి బియ్యాన్ని నిల్వచేశారని, తరువాత చేతికి వచ్చిన పంటను బట్టి చూస్తే ఆ నిల్వలు అవసరానికి మించినవని చూపాడు. ధర పెరిగిన ఆ కొద్ది నెలల్లో కొనుగోలు శక్తి కోల్పోయిన కూలీ కుటుంబాలు ఆకలికి గురయ్యాయి.

నాణేలు, డిపాజిట్లు

డబ్బు చెలామణీ నమ్మకం మీదనే నడుస్తుంది కాబట్టి వదంతికి అది సులభంగా లొంగుతుంది. నోట్ల రద్దు కాలంలో బలపడిన పది రూపాయల నాణెం వ్యవహారం ఇందుకు మంచి ఉదాహరణ. రూపాయి చిహ్నం ఉన్నవి, లేనివి, పది గీతలవి, పదిహేను గీతలవి అంటూ వేరువేరు ముద్రల నాణేలు చెలామణీలో ఉండడంతో, వాటిలో కొన్ని నకిలీవన్న ప్రచారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా అనేక రాష్ట్రాల్లో పాతుకుపోయింది. మొత్తం 14 రకాల ముద్రలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించినా, చిల్లర వర్తకులు చాలాకాలం నాణేన్ని తీసుకోలేదు. నాణెం చెల్లుతుందని తెలిసిన కొట్టువాడు కూడా హోల్‌సేల్ వ్యాపారి తీసుకోడన్న లెక్కతో, ఆ వ్యాపారి ఖాతాదారులు తీసుకోరన్న లెక్కతో నిరాకరిస్తూ పోతే, చట్టబద్ధమైన ధనం ఒక జిల్లాలో చెల్లని లోహపు బిళ్ళగా మారుతుంది. పక్క రాష్ట్రంలో అదే నాణెం ఎప్పటిలాగే చేతులు మారుతుంటుంది.

బ్యాంకు విషయంలో అతి సూక్ష్మంగా దర్యాప్తు జరిగిన ఉదంతం జపాన్‌లోని తొయొకావ షింకిన్ బ్యాంకుది. చమురు సంక్షోభంతో ధరలు పెరిగి, టాయిలెట్ పేపర్ కోసం కూడా జనం ఎగబడుతున్న 1973 డిసెంబర్‌లో, రైల్లో ప్రయాణిస్తున్న ముగ్గురు పాఠశాల విద్యార్థినుల్లో ఒకరికి షింకిన్ (సహకార) తరహా బ్యాంకులో ఉద్యోగం రాగా, అక్కడ పని ప్రమాదకరమని మిగతావారు ఆటపట్టించారు. దొంగలు పడవచ్చునని మాత్రమే వారి ఉద్దేశం. ఆ అమ్మాయి ఇంట్లో అడిగిన ప్రశ్న బంధువుల చెవిన పడి, క్షౌరశాలకు, బట్టలు ఉతికే దుకాణానికి చేరేసరికి బ్యాంకు ఆర్థికంగా ప్రమాదంలో పడిందన్న అర్థం వచ్చింది. కొన్నాళ్ళకు ఆ బట్టల దుకాణంలో ఫోన్ చేసుకోవడానికి వచ్చిన ఒక వ్యక్తి, వదంతి సంగతే తెలియక, వ్యాపార అవసరం కోసం అదే బ్యాంకు నుంచి డబ్బు తీయమని ఇంటికి చెప్పగా, అది విన్న దుకాణదారులు వదంతి రూఢి అయిందనుకుని తమ డబ్బు తీసుకుని ఎరిగినవారందరినీ హెచ్చరించారు. కొన్నేళ్ళ క్రితం ఆ ప్రాంతంలోనే మరో ఆర్థిక సంస్థ కుప్పకూలి పలువురు నష్టపోయి ఉండడం వారి భయానికి ఆధారం. వంద కోట్ల యెన్‌లకు పైబడిన డిపాజిట్లు కొద్ది రోజుల్లో బయటికి పోయాయి. బ్యాంక్ ఆఫ్ జపాన్ నగదు పంపి భరోసా ఇచ్చిన తరువాతే పరిస్థితి సర్దుకుంది. పోలీసులు వదంతి వచ్చిన దారిని వెనక్కు వెతుక్కుంటూ వెళ్ళి, ఇందులో ఎవరికీ దురుద్దేశం లేదని తేల్చారు.

గుజరాత్‌లో 2001లో మాధవపుర మర్కంటైల్ సహకార బ్యాంకు కుప్పకూలినప్పుడు దానితో పెద్దగా సంబంధం లేని మరో సహకార బ్యాంకులో డబ్బు తీసుకోవడానికి డిపాజిటుదారులు ఒక్కసారిగా ఎగబడిన పరుగును రాజ్‌కమల్ అయ్యర్, మంజు పురి అధ్యయనం చేసి 2012లో ప్రచురించారు. బ్యాంకుతో దీర్ఘకాల సంబంధం, ముఖ్యంగా అక్కడ రుణం తీసుకున్న అనుభవం ఉన్నవారు నిలకడగా ఉన్నారని, డిపాజిట్ బీమా కొంతవరకే ధైర్యమిచ్చిందని, పరిచయస్తుల్లో ఒకరు డబ్బు తీసుకుంటే మిగతావారూ అదే చేసే అవకాశం పెరిగిందని వారు గుర్తించారు. 2014 జూన్‌లో బల్గేరియాలో సందేశాల ద్వారా సాగిన ప్రచారంతో ఫస్ట్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు నుంచి ఒక్కరోజులోనే 80 కోట్ల లెవాలు ఉపసంహరించుకున్నారు. పరుగులన్నీ అబద్ధాల వల్లనే జరుగుతాయని దీని అర్థం కాదు; 2023 మార్చి 9న సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి 4,200 కోట్ల డాలర్లు తరలిపోవడానికి మూలం ఆ బ్యాంకుకు నిజంగా వచ్చిన నష్టమే.

స్టాక్ మార్కెట్లు

వృత్తి నిపుణులు, కంప్యూటర్ ప్రోగ్రాములు వ్యాపారం చేసే చోట తప్పుడు వార్త ప్రభావం తీవ్రంగానూ, క్షణికంగానూ ఉంటుంది. 2013 ఏప్రిల్ 23న అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ట్విట్టర్ ఖాతాను చొరబాటుదారులు వశం చేసుకుని, వైట్‌హౌస్‌లో పేలుళ్ళు జరిగి అధ్యక్షుడు ఒబామా గాయపడ్డారని రాయగా, అమెరికా షేర్ల విలువలో సుమారు 13,600 కోట్ల డాలర్లు కొద్ది నిమిషాల్లో ఆవిరై, ఖండన వెలువడగానే తిరిగి వచ్చాయి. బోస్టన్ మారథాన్ పేలుళ్ళు జరిగి వారమే కావడం ఆ అబద్ధానికి నమ్మదగిన రూపమిచ్చింది. సూచీ యథాస్థితికి వచ్చినా, పడిపోతున్న ధరకు అమ్మేసినవారి నష్టం మాత్రం తిరిగి రాలేదు.

ఉత్పత్తిదారులు, శ్రామికులు

వినియోగదారుడికి వదంతి ఒక పూట ఇబ్బంది. పాడైపోయే సరుకు పండించేవారికి అది ఏడాది నష్టం. 2020 ఫిబ్రవరిలో కోడిమాంసం ద్వారా కరోనా వస్తుందన్న ప్రచారం వాట్సాప్‌లో విస్తరించడంతో బ్రాయిలర్ కోళ్ళ ధర ఫారం వద్ద ఉత్పత్తి ఖర్చుకంటె ఎంతో దిగువకు పడిపోయింది. బ్రాయిలర్ కోడి ఆరేడు వారాల్లో అమ్మకానికి వస్తుంది. ఆపైన ఉంచితే మేత ఖర్చు పెరుగుతుందే తప్ప దానికి తగ్గ బరువు రాదు, కాబట్టి రైతు ధర కోసం ఎదురుచూడలేడు. కర్ణాటకలో కొందరు రైతులు బతికున్న కోళ్ళను గుంతల్లో పూడ్చిపెట్టారు. మేతలో సింహభాగం మొక్కజొన్న, సోయా చెక్క కావడంతో ఆ పంటల రైతులకూ దెబ్బ తగిలింది. కోళ్ళకూ కరోనాకూ సంబంధం లేదని కేంద్ర పశుసంవర్ధక శాఖ ప్రకటించింది. ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో పరిశ్రమ ఏర్పాటుచేసిన చికెన్ మేళాలో తెలంగాణ మంత్రులు కె. తారక రామారావు, ఈటల రాజేందర్, తలసాని శ్రీనివాస్ యాదవ్ వేదికపైనే కోడిమాంసం తిని చూపించారు. అప్పటికే ఫారాల్లో పిల్లలను వేయడం తగ్గిపోయినందున, భయం తీరి గిరాకీ తిరిగి వచ్చిన వేసవిలో సరుకు చాలక ధర ఎగబాకింది. అబద్ధం మొదట రైతును, తరువాత కొనుగోలుదారును కూడా నష్టపరిచింది.

శ్రామికుల నిర్ణయాలపై ప్రభావం మరింత వివాదాస్పదమైనది. 2020 మార్చిలో లాక్‌డౌన్ మూడు నెలలకు మించి సాగుతుందన్న తప్పుడు వార్తలవల్లనే వలస కూలీలు పెద్దసంఖ్యలో నగరాలు విడిచారని కేంద్రం సుప్రీంకోర్టుకు నివేదించింది. కూలి, అద్దె, తిండి ఒకేసారి కరువైన పరిస్థితిలో వదంతి లేకపోయినా వారు బయలుదేరి ఉండేవారేనన్నది విమర్శకుల వాదన. తొలి లాక్‌డౌన్ 21 రోజులకే ప్రకటించినా పలుమార్లు పొడిగించి రెండు నెలలు దాటడం ఈ వాదనకు బలమిచ్చింది.

వ్యాప్తి వేగం

సోరోష్ వోసూగీ, దేబ్ రాయ్, సినాన్ ఆరాల్ 2018లో ప్రచురించిన పరిశోధన 2006–2017 మధ్య ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించి, నిజంకంటె అబద్ధాన్ని ఇతరులకు పంపే అవకాశం 70 శాతం ఎక్కువని, 1,500 మందిని చేరడానికి నిజానికి ఆరు రెట్ల సమయం పడుతుందని తేల్చింది. ఈ వ్యాప్తికి ప్రధాన కారకులు యాంత్రిక ఖాతాలు కాదనీ మనుషులేననీ, అబద్ధంలోని కొత్తదనం వారిని ఆకర్షిస్తుందనీ ఆ పరిశోధకుల వివరణ. వాట్సాప్ 2018లో భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్లకు మించి పంపకుండా పరిమితి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, ఎక్కువసార్లు చేతులు మారిన సందేశాలకు దాన్ని ఒక్క చాట్‌కు తగ్గించింది.

నివారణ చర్యలు

భారతీయ చట్టాల్లో విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 54వ సెక్షన్ విపత్తు గురించి తప్పుడు హెచ్చరికలు వ్యాపింపజేసేవారికి ఏడాది వరకు జైలుశిక్ష విధిస్తుంది. భారతీయ న్యాయ సంహిత 353వ సెక్షన్ ప్రజల్లో భయాందోళనలు రేపే ప్రకటనలకు వర్తిస్తుంది. నిత్యావసర వస్తువుల చట్టం, 1955 అక్రమ నిల్వలను అదుపు చేస్తుంది. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 జూన్ నుంచి అగ్రశ్రేణి 100 లిస్టెడ్ కంపెనీలు, డిసెంబర్ నుంచి 250 కంపెనీలు, తమ షేరు ధరను గణనీయంగా కదిలించిన పుకార్లను 24 గంటల్లోగా ధ్రువీకరించాలని లేదా ఖండించాలని నిర్దేశించింది. డిపాజిట్ బీమా పరిమితి 2020 ఫిబ్రవరి 4 నుంచి లక్ష రూపాయల నుంచి 5 లక్షలకు పెరిగింది.

శిక్షలకు పరిమితులున్నాయి. తొయొకావలో లాగా దురుద్దేశం లేని చోట శిక్షించడానికి నేరస్థుడే ఉండడు. ఏది అబద్ధమో నిర్ణయించే అధికారం ప్రభుత్వానికే ఉంటే అసౌకర్యమైన నిజాలు కూడా అణగిపోతాయన్న అభ్యంతరం ఉంది. కేంద్రం తన వ్యవహారాలపై వార్తల నిజానిజాలు తేల్చే విభాగం ఏర్పాటుకు తెచ్చిన నిబంధనను బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబర్‌లో కొట్టివేసింది. ఖండన పనిచేయడం కూడా ఖండించేవారి పరపతిని బట్టి ఉంటుంది: నిల్వలు, నష్టాలు, మరణాలు వంటి అంకెలను మామూలు రోజుల్లో దాచిన సంస్థ సంక్షోభంలో చెప్పిన నిజం కూడా చెల్లదు.

మూల్యాంకనం

ఈ ఉదంతాలన్నింటినీ కలిపి చూస్తే, తప్పుడు సమాచారానికి జనం అజ్ఞానమే కారణమన్న వాదన నిలవదు. పది రూపాయల నాణెం నిరాకరించిన వర్తకుడు గానీ, డబ్బు తీసుకున్న డిపాజిటుదారుడు గానీ ఇతరుల ప్రవర్తన గురించి వేసుకున్న అంచనా తరచు సరైనదే. అందువల్ల అవగాహన ప్రచారాలకంటె, ఎదురుచూసినవాడికి నష్టం లేదన్న హామీ ఎక్కువ ఫలితమిస్తుంది. చౌకధరల దుకాణంలో కంటికి కనిపించే నిల్వ, గడువులోగా చెల్లించే డిపాజిట్ బీమా, వెంటనే అందే అధికారిక అంకె అటువంటి హామీలు. వాటిని సంక్షోభం వచ్చాక సమకూర్చడం సాధ్యం కాదు; మామూలు రోజుల్లోనే ఏర్పాటు చేసుకోవలసి ఉంటుంది.